నింద మోసిన చుంచెలుక

పొద్దున మార్చిన రంపపు పొట్టు సాయంత్రానికల్లా తడిసి ముద్దవుతోంది. నీళ్ళ సీసా ఎన్నిసార్లు నింపినా అడుగంటుతోంది. గూట్లో ఉన్నది నెలా నెలన్నర వయసు చుంచెలుక. ఆ వయసుకు ఉండాల్సినదానికంటే ఎంతో లావు. ఒళ్ళు కదిలించడానికే కష్టపడుతోంది, అయినా మేత దగ్గర్నుంచి జరగదు. విపరీతమైన ఆకలి, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం. మనిషిలో ఈ మూడూ కలిసి కనిపిస్తే మన పల్లెలో ఆరెంపీ డాక్టరైనా ముందు అడిగేది ఒకటే: షుగర్ చూపించుకున్నావా?

అది 1965వ సంవత్సరం. అమెరికాలో మెయిన్ రాష్ట్రం, అట్లాంటిక్ ఒడ్డున బార్ హార్బర్ అనే చిన్న ఊరు. అక్కడి జాక్సన్ లేబొరేటరీ ప్రపంచంలోని పరిశోధనశాలలకు చుంచెలుకల్ని పెంచి పంపే చోటు. 1947లో ఆ ఊరున్న దీవిని చుట్టుముట్టిన కార్చిచ్చు ఆ సంస్థను కాల్చేసింది. తొంభై వేలకు దగ్గరగా ఎలుకలు పోయాయి. అంతకుముందు అక్కడినుంచి ఎలుకల్ని తీసుకెళ్ళిన శాస్త్రవేత్తలు తమ దగ్గరున్న సంతతిని తిరిగి పంపిస్తే వంశాలు మళ్ళీ నిలిచాయి. ఆ బూడిదలోంచి లేచిన రెండేళ్ళకే, 1949లో, అదే చోట అంతులేకుండా లావెక్కే ఒక ఎలుక పుట్టింది. దానికి ‘ఒబీస్’ అని పేరు పెట్టి, పొట్టిగా ‘ఓబీ’ అన్నారు. 1965లో బయటపడ్డది దానికి చెల్లెలి వరస. దీని రక్తంలో చక్కెర మరీ విపరీతం. ‘డయాబెటిస్’ అన్న మాటలోంచే ‘డీబీ’ అన్నారు. మరుసటి ఏడాది క్యాథరిన్ హమ్మెల్, మార్గరెట్ డికీ, డగ్లస్ కోల్మన్ ఈ ఎలుకను ‘సైన్స్’ పత్రికలో లోకానికి పరిచయం చేశారు.

కోల్మన్ కెనడాలో ఒంటారియోకు చెందినవాడు. విస్కాన్సిన్‌లో బయోకెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి 1958లో బార్ హార్బర్ వచ్చాడు. ఒకటి రెండేళ్ళు పనిచేసి వెళ్ళిపోదామనుకున్నవాడు ఉద్యోగ జీవితమంతా అక్కడే గడిపాడు.

ఆ రోజుల్లో లావెక్కిన జీవిని చూడగానే లోకం ఇచ్చే తీర్పు ఒకటుండేది. తిండి మీద అదుపు లేదు, అంతే. పెద్ద పెద్ద శాస్త్రవేత్తల్లోనూ ఊబకాయాన్ని ప్రవర్తనలో లోపంగా చూసినవాళ్ళు చాలామంది. మన ఇళ్ళల్లో ఈ తీర్పు ఇంకా అమల్లోనే ఉంది. షుగర్ వచ్చిందని తెలిసిన రోజు ఇంటాయనకు ముందుగా దక్కేది ఓదార్పు కాదు, ‘స్వీట్లు తింటే రాదా మరి’ అన్న మాట. అందుకే ఈ ఎలుకల కథ నాకు కేవలం శాస్త్రం కథలా అనిపించదు. ఇది నేరం మోపబడ్డ ఒక జీవికి సాక్ష్యం వెతికిపెట్టిన మనుషుల కథ.

కోల్మన్ మొదటి సాక్ష్యం రక్తంలో వెతికాడు. ఒక డీబీ ఎలుకను, ఒక మామూలు ఎలుకను పక్కపక్కన పెట్టి, చర్మాలు కలిపి కుట్టాడు. గాయం మానేసరికి సన్నని రక్తనాళాలు కలుస్తాయి, ఒకరి రక్తంలోది కొంచెం కొంచెంగా రెండోవారికి చేరుతుంది. డీబీ ఎలుక రక్తంలోని రోగకారకమేదో మామూలు ఎలుకకూ షుగర్ తెస్తుందేమో చూడాలి. జరిగింది మరొకటి. డీబీ ఎలుక ఎప్పట్లాగే తింటూనే ఉంది. పక్కనున్న మామూలు ఎలుక మేత ముట్టడం మానేసింది. ముందే మేత ఉంది, తినదు. కొద్ది రోజుల్లోనే చచ్చిపోయింది. కోసి చూస్తే కడుపులో, పేగుల్లో ఆహారం ఆనవాలే లేదు. రక్తంలో చక్కెర పెరగలేదు సరికదా, పస్తులున్న జీవిలో పడిపోయినట్టు పడిపోయింది.

కోల్మన్ దీన్ని 1969లో ప్రకటించాడు. తర్వాత ఓబీని, డీబీని కలిపి కుట్టాడు. ఈసారి ఆకలితో పోయింది ఓబీ. 1973లో ఆయన తేల్చింది ఇది: ‘ఇక చాలు’ అని చెప్పే పదార్థం ఒకటి రక్తంలో తిరుగుతుంది. ఓబీ శరీరం దాన్ని తయారు చేసుకోలేదు. డీబీ శరీరం దాన్ని అవసరానికి మించి చేస్తుంది గానీ, ఆ మాట దాని చెవిన పడదు. ఆ పదార్థం చేతికి చిక్కడానికి ఇరవయ్యేళ్ళకు పైగా పట్టింది. 1994 డిసెంబరులో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఓబీ జన్యువును పట్టుకుంది. దానినుంచి తయారయ్యే హార్మోన్‌కు లెప్టిన్ అని పేరు పెట్టారు. డీబీ ఎలుకలో పాడైంది లెప్టిన్‌ను అందుకునే గ్రాహకమని 1996లో తేలింది. కోల్మన్‌కూ ఫ్రీడ్‌మన్‌కూ కలిపి 2010లో లాస్కర్ బహుమతి వచ్చింది.

ఆకలి సంగతి తేలింది. షుగర్ సంగతి ఇంకా తేలలేదు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

* * *

కోల్మన్, హమ్మెల్ ఇద్దరూ ఒకే డీబీ జన్యువు రెండు వేర్వేరు ఎలుకల వంశాల్లో ఎలా పనిచేస్తుందో చూశారు. ఒక వంశంలో ఎలుకలు లావెక్కాయి, ఇన్సులిన్ విపరీతంగా తయారు చేసుకున్నాయి, చక్కెర కొంతకాలం పెరిగి మళ్ళీ దాదాపు సర్దుకుంది. కేఎస్ అనే రెండో వంశంలో మొదట్లో ఇన్సులిన్ ఎంతో ఎక్కువ. రెండు నెలల వయసు దాటాక అది తగ్గుముఖం పట్టింది. చక్కెర నాలుగు వందలు దాటి పైకి పోయింది. ఎనిమిది పది నెలలకు మించి బతకలేదు. అదే జన్యువు, అదే తిండి, అంతే లావు. ఒకటి నిలదొక్కుకుంది, ఒకటి కూలిపోయింది. తిండే నేరస్థుడైతే రెండూ కూలాలి కదా!

క్లోమాన్ని పలుచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే తేడా కళ్ళకు కట్టింది. మొదటి వంశంలో లాంగర్‌హాన్స్ పుటికలు ఉబ్బి, నిండుగా ఉన్నాయి. రెండో వంశంలో కుంచించుకుపోయి, కణాలు రాలిపోయి కనిపించాయి.

ఈ పుటికల్ని 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి తొలిసారి వర్ణించాడు. క్లోమంలో ఇవి నూటికి ఒకటి రెండు వంతులకు మించవు. మిగతాదంతా జీర్ణరసాలు తయారుచేసే కణజాలం. ఆ మధ్యన అక్కడక్కడా చిన్న గుంపులుగా పుటికలు, వాటిలో ఎక్కువ భాగం ఇన్సులిన్ చేసే బీటా కణాలు. రక్తంలో చక్కెర ఎంతుందో ఈ కణాలకు తెలుస్తుంది. ఎంతుంటే అంతకు తగ్గ ఇన్సులిన్ వదులుతాయి. ఎలా తెలుస్తుంది? కేఎస్ ఎలుకలో ఆ లెక్క ఎక్కడ తప్పింది?

జవాబు పుటికలోని ఎంజైముల్లో ఉండాలి. కానీ క్లోమం మొత్తాన్ని నూరి పరీక్షిస్తే వచ్చేది జీర్ణరసాల లెక్క. పుటికను ఒక్కదాన్నే బయటికి తీయాలి. ఎండితే దాని బరువు గ్రాములో పది లక్షల వంతుకు అటూ ఇటూ. అంత చిన్నదానిలో ఒక ఎంజైమ్ ఎంత చురుగ్గా ఉందో కొలవాలి.

ఆ పనికి కావలసిన చేతులు సెయింట్ లూయిస్‌లో తయారవుతున్నాయి.

* * *

సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఫార్మకాలజీ విభాగానికి 1947 నుంచి ఆలివర్ లౌరీ అధిపతి. ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద ఆయన 1951లో రాసిన పత్రాన్ని ఉదహరించినన్ని సార్లు శాస్త్ర ప్రపంచంలో మరే పత్రాన్నీ ఉదహరించలేదు. అదటుంచితే, ఆయన జీవితమంతా పెట్టుకున్న పని వేరు. ఒక్క కణంలో జరిగే రసాయన క్రియను కొలవాలి. కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో లిండర్‌స్ట్రోమ్-లాంగ్ దగ్గర నేర్చుకున్న సూక్ష్మమైన పనితనాన్ని ఆయన అక్కడితో ఆపలేదు, ఇంకా ఇంకా చిన్నదానికి దించుకుంటూ పోయాడు.

ఆ ప్రయోగశాలలో ఒక రోజు పని ఇలా సాగేది. ముందు కణజాలాన్ని క్షణంలో గడ్డ కట్టించాలి. ఆలస్యమైతే లోపలి ఎంజైములు ఆ కొద్దిసేపట్లోనే సరుకంతా మార్చేస్తాయి. గడ్డ కట్టిన ముక్కను సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన ఉన్న పెట్టెలో, మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందంతో పలుచటి పొరలుగా కోస్తారు. ఆ పొరల్ని చలిలోనే, గాలి తీసేసిన గొట్టంలో ఆరబెడతారు. తడి పోయి, రూపం అలాగే మిగులుతుంది. ఇక మైక్రోస్కోపు ముందు కూర్చోవాలి. బ్లేడు విరిచి చేసుకున్న సన్నని ముక్కే చాకు. వెంట్రుక కొనే వేలు. పొరలో పుటిక ఎక్కడుందో చూసి, చుట్టూ ఉన్న జీర్ణ కణజాలం అంటకుండా కోసి, ఆ తునకను వెంట్రుక కొనకు అంటించి పైకి లేపాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది. గాలిలో స్థిరవిద్యుత్తు ఉంటే ఎటో దూకి మాయమవుతుంది.

తూచడానికి త్రాసు లేదు, లౌరీ చేసుకున్న క్వార్ట్జ్ పోగు ఉంది. వెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పోగును గాజు గొట్టంలో అడ్డంగా, ఒక కొన మాత్రమే బిగించి నిలబెడతారు. రెండో కొన మీద తునకను పెడితే పోగు కాస్త వంగుతుంది. ఎంత వంగిందో మైక్రోస్కోపులో చదివితే అదే బరువు. గ్రాములో వంద కోట్ల వంతును కొలమానంగా పెట్టుకున్న తూకమిది.

తర్వాత దాన్ని కొలత రసాయనంలో వేయాలి. ఆ చుక్క ఎంత చిన్నదంటే, బయట పెడితే చూస్తూండగానే ఆరిపోతుంది. అందుకని టెఫ్లాన్ దిమ్మకు చిన్న చిన్న గుంటలు తొలిచి, వాటిలో నూనె పోసి, ఆ నూనె అడుగున చుక్కను దాచారు. ఎంజైమ్ పనిచేస్తే పుట్టే పదార్థం కూడా కొలతకు అందనంత కొంచెం. దాన్ని మరో రెండు ఎంజైముల మధ్య మళ్ళీ మళ్ళీ తిప్పి, తిరిగిన ప్రతిసారీ ఒక కొత్త అణువు పుట్టేలా చేసి, వేల రెట్లు పెంచి అప్పుడు కొలిచారు. 1961లో లౌరీ, జానెట్ పాసోనో, సహచరులు ఈ పద్ధతిని ప్రకటించారు.

ఈ లెక్కలన్నిటి అడుగున మన భీమవరం మనిషి ఒకడున్నాడు. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్పరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. ఫాస్ఫేట్ ఎంతుంటే ద్రావణం అంత నీలంగా మారుతుంది, ఆ నీలాన్ని కొలిస్తే చాలు. 1929లో వాళ్ళిద్దరూ, జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా, కణాల శక్తి నాణెమైన ఏటీపీని కనుగొన్నారు. లౌరీ 1946లో సవరించి వాడుకున్నది ఫిస్కే–సుబ్బారావు పద్ధతినే. చక్కెరకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్‌కు కావలసింది ఏటీపీ. ఆ ఫాస్ఫేట్‌ను ఊడబెరికే ఎంజైమ్‌ను పట్టించింది ఆ నీలి రంగు. షుగర్ కథలో సుబ్బారావు పేరు ఎక్కడా వినిపించదు. ఆయన చేతి పని మాత్రం అడుగడుగునా ఉంది.

* * *

లౌరీ దగ్గరకు 1963లో జర్మనీ నుంచి ఫ్రాంజ్ మాచిన్‌స్కీ అనే యువ వైద్యుడు వచ్చాడు. లౌరీ పనిముట్లతో పుటికల మీద పడ్డాడు. అదే విశ్వవిద్యాలయంలో పాల్ లేసీ మరో దారిలో, కొలాజినేజ్ అనే ఎంజైమ్‌తో క్లోమాన్ని కరిగించి పుటికల్ని ప్రాణంతోనే విడదీస్తున్నాడు. ఆ పద్ధతి 1967లో అచ్చయింది. స్వీడన్‌లో బో హెల్మన్ ఓబీ ఎలుకల్నే ఎంచుకున్నాడు. అవి తమకు తెలియకుండానే శాస్త్రానికి చేసిన మేలు ఒకటుంది. ఇన్సులిన్ కోసం తంటాలు పడిపడి వాటి పుటికలు పెద్దవై, నూటికి తొంభైకి పైగా బీటా కణాలతోనే నిండి ఉంటాయి.

మాచిన్‌స్కీ, ఎలర్‌మన్ 1968లో తమ పత్రం ప్రకటించారు. చక్కెర కణంలోకి రాగానే దానికి ఫాస్ఫేట్ తగిలించే మామూలు ఎంజైమ్ హెక్సోకైనేజ్. అది కొంచెం చక్కెర కనిపిస్తే చాలు పూర్తి వేగంతో పనిచేస్తుంది. డెబ్భై ఉన్నా రెండొందలున్నా దానికి ఒకటే, కాబట్టి తేడా చెప్పలేదు. పుటికలో దానితోపాటు మరొకటి కనిపించింది. కాలేయంలో ఉండే గ్లూకోకైనేజ్ లాంటిది. డెసిలీటరుకు సుమారు 144 మిల్లీగ్రాముల చక్కెర ఉన్నప్పుడు ఇది సగం వేగంతో పనిచేస్తుంది. అంటే మనిషి రక్తంలో చక్కెర ఏ మేరలో పైకీ కిందికీ ఆడుతుందో, సరిగ్గా ఆ మేరలోనే దీని వేగమూ మారుతుంది. చక్కెరను పసిగట్టేది ఇదే కావచ్చని మాచిన్‌స్కీ వాదించాడు.

ఆ వాదన గట్టిపడేసరికి పాతికేళ్ళు పట్టింది. 1984లో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ బీటా కణం పొరలో ఒక పొటాషియం ద్వారాన్ని చూపింది. చక్కెర కరిగి ఏటీపీ పెరిగితే ఆ ద్వారం మూసుకుంటుంది, కణంలోకి కాల్షియం వస్తుంది, ఇన్సులిన్ బయటికి పోతుంది. మన ఇళ్ళల్లో పొద్దున్నే టిఫినుకు ముందు వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర మూసేది కూడా ఈ ద్వారాన్నే. గ్లూకోకైనేజ్ ఎంత వేగంగా పనిచేస్తే ఇటు అంత ఏటీపీ. ఎలుకల పుటికల్లో వెంట్రుక కొనతో తూచిన లెక్క ఇక్కడికొచ్చి అతికింది.

రోగగ్రస్తమైన పుటికలో ఏం జరుగుతోందన్న ప్రశ్నకు ఒక గట్టి జవాబు స్టాక్‌హోమ్ నుంచి వచ్చింది. సుయాద్ ఎఫెండిచ్, బెర్నార్డ్ లాండౌల బృందం ఓబీ పుటికల్ని రేడియోధార్మిక హైడ్రోజన్ ఉన్న నీళ్ళలో ఉంచింది. చక్కెర కణంలోకి వెళ్ళి ఫాస్ఫేట్ తగిలించుకుని ముందుకు పోయేదే అయితే, బయటి ద్రావణంలోని చక్కెరకు ఆ గుర్తు అంటకూడదు. అంటింది. అంటే చక్కెర లోపలికి వెళ్ళింది, ఫాస్ఫేట్ తగిలించుకుంది, నీటిలోని హైడ్రోజన్‌ను ఎత్తుకుంది, ఫాస్ఫేట్ ఊడగొట్టుకుని మళ్ళీ మామూలు చక్కెరగా బయటికొచ్చింది. గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ చేసిన పని ఇది. ఒక చేత్తో తోడిన నీళ్ళను మరో చేత్తో బావిలోనే పోసినట్టు, ఏటీపీ ఖర్చవుతోంది, చక్కెర ఎక్కడిదక్కడే ఉంది. ఆరోగ్యంగా ఉన్న సన్నని ఎలుకల పుటికల్లో ఈ వృథా తిరుగుడు నామమాత్రం. ఓబీ పుటికల్లో చాలా ఎక్కువ. ఆ ఫలితాలు 1989, 1990 సంవత్సరాల్లో వెలువడ్డాయి.

పుటికల్లో అసలు ఆ ఎంజైమ్ ఉందా లేదా అన్నదాని మీద శాస్త్రవేత్తలు అప్పటికే ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నారు. కొందరికి కనిపించింది, కొందరికి కనిపించలేదు. పుటికలకే ప్రత్యేకమైన రూపమొకటి ఉందని 1990ల చివర్లో జన్యువు దొరికాక తెలిసింది. దాని పేరు జీ6పీసీ2. ఆ జన్యువును తీసేసిన ఎలుకల్లో పరగడుపు షుగర్ తగ్గింది. 2008లో వేలమంది మనుషుల జన్యువులు పరీక్షిస్తే, పరగడుపు షుగర్ ఒక్కొక్కరికి ఒక్కో స్థాయిలో ఎందుకుంటుందో చెప్పే కారణాల్లో ఇదే ముందు వరసలో నిలిచింది.

* * *

1992లో ఫ్రాన్స్‌లో ఫిలిప్ ఫ్రోగెల్ బృందం, చిన్న వయసులోనే తరం తర్వాత తరం షుగర్ వస్తున్న కుటుంబాల్ని పరీక్షించింది. తప్పు గ్లూకోకైనేజ్ జన్యువులో కనిపించింది. ఒక్క ఎంజైమ్‌లో లోపం మనిషికి మధుమేహం తేగలదని అంత సూటిగా తేలడం అదే మొదలు. 1995లో గ్లూకోకైనేజ్ పూర్తిగా లేని ఎలుకల్ని తయారు చేస్తే, అవి చక్కెర హద్దు మీరి, పుట్టిన కొద్ది రోజులకే పోయాయి. బీటా కణాల్లో ఆ ఎంజైమ్‌ను తిరిగి పెడితే బతికాయి. గ్లూకోకైనేజ్ జన్యువు రెండు ప్రతులూ చెడి పుట్టిన పసిపిల్లలకు తొలి రోజులనుంచే ఇన్సులిన్ అవసరమని 2001లో రూఢి అయింది. దీనికి ఎదురుగా, ఈ ఎంజైమ్ అతి చురుగ్గా ఉన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు చక్కెర పడిపోతుంటుంది.

గ్లూకోకైనేజ్‌ను చురుకు చేసే మందుల ప్రయత్నం 2003 నుంచి సాగింది. చాలా మందులు కొన్ని నెలలకే బలం కోల్పోయాయి. కొన్ని రక్తంలో కొవ్వు పెంచాయి. డోర్జాగ్లియాటిన్ అనేది ఒకటి నిలబడి, 2022లో చైనాలో అనుమతి పొందింది. మన హైదరాబాద్‌లోనూ ఈ లావు ఎలుకల కథకు ఒక కొమ్మ ఉంది. జాతీయ పోషకాహార సంస్థలో పెంచుతున్న పెద్ద ఎలుకల్లో (చుంచెలుకలు కావు, రాట్లు) 1996లో దానంతటదే ఊబకాయపు ఎలుక ఒకటి పుట్టింది. దాని సంతతిలో ఒక శాఖకు చక్కెరను సర్దుకునే శక్తి తక్కువ.

మందులకంటే నన్ను ఎక్కువ కదిలించేది వేరే ఉంది. గ్లూకోకైనేజ్ జన్యువులో ఒక ప్రతి మాత్రమే చెడినవాళ్ళకు పరగడుపు షుగర్ పుట్టినప్పటినుంచీ కాస్త ఎక్కువే. నూటికీ నూట నలభై అయిదుకీ మధ్య ఎక్కడో ఉంటుంది. వాళ్ళ శరీరం చక్కెరను కొలవగలదు, కాకపోతే కొలత గీతే కాస్త పైన ఉంది. దశాబ్దాలు గడిచినా కళ్ళూ కిడ్నీలూ పాడయ్యే ప్రమాదం వాళ్ళకు పెద్దగా లేదు. ఇలాంటివాళ్ళు ఏళ్ళ తరబడి మాత్రలు మింగారు, ఇన్సులిన్ పొడుచుకున్నారు, తిండి దగ్గర మాటలు పడ్డారు. జన్యు పరీక్షలో సంగతి తేలాక డాక్టర్లు వాళ్ళలో చాలామందికి మందులు ఆపేయమన్నారు. గర్భిణుల విషయంలో మాత్రం జాగ్రత్తగా చూస్తారు. ఆపేశాక పరీక్ష చేస్తే షుగర్ అంకె అంతకుముందు ఎంతుందో దాదాపు అంతే ఉంది.